ఫ్రిజ్‌లో కొండబురద

ఆ వేసవిలో మా ఫ్రిజ్‌లో మంచినీళ్ల సీసాకు చోటు లేదు. ఢిల్లీ మే నెల ఎండలో, ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్లలో అందరూ ఫ్రిజ్ తలుపు తీసి చల్లటి నీళ్లు గటగటా తాగుతుంటే, మేం కూజా నీళ్లతో సరిపెట్టుకున్నాం. మా ఫ్రిజ్‌లో కింది రెండు అరల నిండా నాన్న తెచ్చిన గాజు జాడీలుండేవి. వాటిలో నల్లటి తడి బురద. పై అంతస్తులో ఉండే తెలుగు ఆంటీ ఒకసారి దాన్ని చూసి ముక్కు మూసుకుని, పెరుగు పెట్టుకునే చోట ఎవరైనా పేడ పెట్టుకుంటారా అని అడిగింది. అమ్మ నవ్వలేదు. ఆ మాట అమ్మ అప్పటికే నాన్నను అడిగేసింది, ఇంకా ఘాటుగా.

నాన్న నేలల శాస్త్రవేత్త. ఫరీదాబాద్ వైపు ఒక పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. పొద్దున్నే ఆఫీసు బస్సెక్కి వెళ్లి, చీకటిపడే వేళకు చెమటతో దుమ్ముతో ఇల్లు చేరేవారు. తొంభైల మధ్యలో వాళ్ల కేంద్రానికి కొత్త పని ఒకటి వచ్చింది. భూమి వేడెక్కుతోందన్న మాట అప్పుడప్పుడే పేపర్లలో కనిపిస్తున్న రోజులవి. కొండల మీది చిత్తడి నేలలు ఆ వేడికి ఏమవుతాయో చూడమన్నారు. నాన్న కొండెక్కి, మంచుగడ్డలు నింపిన పెట్టెల్లో ఆ నేలను ముక్కలుగా కోసి తెచ్చారు.

ఇంగ్లీషులో ఆ నేలను పీట్ అంటారు. మన వైపు అలాంటిది పెద్దగా కనిపించదు కాబట్టి తెలుగులో దానికి సరైన మాట లేదని నాన్న అనేవారు. నేను కొండబురద అని పేరు పెట్టాను. నాచూ గడ్డీ చచ్చి నీళ్లలో పడి, ఆ చలికీ తడికీ పూర్తిగా కుళ్లలేక, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వేల ఏళ్లు అలాగే ఉండిపోయిన నేల అది. గుప్పిట్లో పెట్టి పిండితే టీ డికాషన్ లాంటి నీళ్లు కారేవి. వేళ్లతో విడదీస్తే ఏ కాలం నాటి గడ్డిపోచో పోచలాగే చేతికొచ్చేది. నాకు అసహ్యం వేయలేదు. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో దాన్ని ఇష్టపడినవాళ్లం నాన్నా నేనే.

దాన్ని కుళ్లబెట్టాల్సిన సూక్ష్మజీవులు దాంట్లోనే ఉంటాయట. చలికి మందగించి, గాలి అందక, అరకొరగా తింటూ బతుకుతుంటాయట. కాస్త వేడి తగిలితే లేచి తినడం మొదలుపెడతాయి. తిన్నకొద్దీ గాలి వదులుతాయి. ఆ గాలి పైకి పోయి లోకాన్ని ఇంకాస్త వేడి చేస్తుంది, ఆ వేడికి అవి ఇంకాస్త తింటాయి. ఎంత వేడికి ఎంత తింటాయన్నదే నాన్న తేల్చాల్సింది. మా కాలనీలో మగవాళ్లంతా డి.ఏ. ఎప్పుడు పెరుగుతుందా అని మాట్లాడుకుంటుంటే, ఈయన గేటు దగ్గర నిలబడి కనిపించని పురుగుల ఆకలి గురించి చెప్పేవారు. విన్నవాళ్లు అచ్ఛా అచ్ఛా అని తలూపి తప్పించుకునేవాళ్లు.

ప్రయోగం మొదలయ్యేదాకా బురదను చలిలోనే ఉంచాలి. ఫరీదాబాద్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒక రోజు లేబ్‌లోని చల్లగది మధ్యాహ్నం దాకా వెచ్చగా ఉండిపోయిందట. జాడీలన్నీ ఒకేసారి మేలుకుంటే రెండేళ్ల పని గంగలో కలిసినట్టే. మళ్లీ తెద్దామంటే కొండ దారి తెరుచుకోవాలి, పై నుంచి అనుమతి రావాలి. మా క్వార్టర్ల పక్కనే పెద్ద ఆఫీసర్ల బంగళాలుండేవి, వాళ్ల పుణ్యమా అని మా లైన్లో కరెంటు అంతగా పోయేది కాదు. అందుకని సగం జాడీలను ఆఫీసు బస్సులో ఒళ్లో పెట్టుకుని, విడతలు విడతలుగా ఇంటికి తెచ్చేశారు.

ఫ్రిజ్‌లో మరొకటి కూడా ఉండేది. అది నా ఇన్సులిన్.

నాకు పదేళ్లప్పుడే షుగర్ వచ్చింది. ఆ వేసవికి పద్నాలుగో ఏడు. పొద్దున, సాయంత్రం అమ్మ సూది వేసేది. ప్రభుత్వ డిస్పెన్సరీ నుంచి తెచ్చిన సీసాలను ఒక పాత సబ్బుపెట్టెలో పెట్టి ఫ్రిజ్ తలుపు అరలో ఉంచేది. పొద్దున లేవగానే ఆ పెట్టెను తీసి వంటింటి గట్టు మీద పెట్టి, పాలు కాచి, గాజు సిరంజిని గిన్నెలో ఉడకబెట్టి, అప్పుడు సీసా తెరిచేది. చల్లటి మందు ఎక్కిస్తే మంట పుడుతుందని అలా అలవాటు చేసుకుంది. సీసాను రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లిస్తే అడుగున పేరుకున్న తెలుపు కలిసి పలచటి పాలలా అయ్యేది. ఆ దొర్లించడంలో అమ్మకు ఎంత శ్రద్ధ ఉండేదో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

మూత్రపరీక్ష నాన్న వంతు. బాత్‌రూమ్ కిటికీలో టెస్ట్‌ట్యూబుల స్టాండు పెట్టారు. నీలిరంగు మందులో కొన్ని చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచేవారు. నీలంగానే ఉంటే షుగర్ లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక ఎరుపు అయిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. పొద్దున్నే నా రంగు చూడనిదే ఆయన పేపరు ముట్టుకునేవారు కాదు. రంగు బాగుంటే అమ్మ నన్నేదీ అడిగేది కాదు, స్కూల్లో ఏం తిన్నావని కూడా.

జాడీలు వచ్చాక నాన్న ఫ్రిజ్‌ను తన లేబ్‌లాగే సర్దారు. కింది అరలో ఒక థర్మామీటర్ వేలాడదీశారు. అమ్మ రోజుకు ఇరవైసార్లు తలుపు తీసే ఇంట్లో చలి నిలుస్తుందా? పాదరసం పైపైకి పోతుంటే నాన్నకు కాలు నిలవలేదు. ఫ్రిజ్ లోపలి మీటను చివరికంటా తిప్పేశారు. తలుపు అర మరీ వెచ్చగా ఉంటోందని, మందుకు కూడా చల్లగా ఉంటే మంచిదేనని, సబ్బుపెట్టెను అక్కణ్నుంచి తీసి పైన, ఐస్ పెట్టె కిందున్న పళ్లెంలో పెట్టారు. ఆ తర్వాత పొద్దునా రాత్రీ తన అరలో నాలుగు డిగ్రీలు ఉందో లేదో చూసుకునేవారు. పై పళ్లెంలో ఎంత ఉందో ఒక్కసారీ చూడలేదు. చూడాలన్న ఆలోచన ఆయనకు రాకపోవడమే నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు. పగలంతా జాడీలు ముందేసుకుని, ప్రాణమున్న సరుకు నాలుగు డిగ్రీల తేడాకే ఎలా మారిపోతుందో అందరికీ చెప్పే మనిషి ఆయన.

నెల తిరక్కుండానే నా రంగు మారింది. ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, తర్వాత ఒకటే ఎరుపు. డిస్పెన్సరీ డాక్టరు డోసు పెంచమన్నాడు. పెంచినా ఎరుపే. బాత్‌రూమ్ తూము దగ్గర చీమలు బారులు కట్టాయి. అమ్మ వాటి మీద ఫినాయిల్ పోస్తూ ఏడ్చేది. నాకు దాహం, ఎంత తాగినా తీరని దాహం. స్కూల్లో నీళ్ల కుళాయికీ బాత్‌రూమ్‌కూ మధ్య తిరగడంతోనే రోజు గడిచిపోయేది. యూనిఫామ్ బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకున్నాను.

ఏం తింటున్నావు అని మొదటిసారి అడిగింది అమ్మ. ఏమీ తినడం లేదన్నాను. మామిడిపండ్ల రోజులు. పై అంతస్తు ఆంటీకి ఊరి నుంచి బుట్ట వచ్చింది, మెట్ల మీదంతా ఆ వాసనే. నేను అటు వెళ్లానా అని అమ్మ ఆంటీని అడిగింది. ఆంటీ ఏమందో తెలియదు గానీ, ఆ సాయంత్రం నుంచి కాలనీ ఆడవాళ్లు నన్ను చూసే చూపు మారింది. పార్కులో బెంచీ మీద కూర్చున్న పంజాబీ ఆంటీ నన్ను పిలిచి, "బేటా, మీఠా మత్ ఖాయా కరో, మమ్మీ రోతీ హై" అంది. తీపి తినకమ్మా, అమ్మ ఏడుస్తోంది అని. నేను తినలేదు ఆంటీ అన్నాను. ఆవిడ నా బుగ్గ నిమిరి, అబద్ధమాడితే దేవుడికి కోపం వస్తుందని చెప్పి పంపింది.

ఇంట్లో వంటింటి అలమారాకు తాళం పడింది. షుగర్ మరీ పడిపోతే వేయడానికి ఉంచిన గ్లూకోజ్ డబ్బా కూడా అందులోకి వెళ్లిపోయింది. స్కూల్‌బ్యాగ్ వెతకడం, జేబులు తడమడం, మంచం కింద చీపురుతో లాగి చూడడం, ఇవన్నీ రోజువారీ పనులైపోయాయి. ఏమీ దొరకలేదు. దొరకకపోవడంతో నా తెలివి మీద వాళ్లకు గౌరవం పెరిగింది తప్ప అనుమానం తగ్గలేదు. ఒక పొద్దున అమ్మ సీసాను దొర్లించి దొర్లించి, ఇదేంటండీ, విరిగిన పాలలాగా పలుకులు పలుకులుగా ఉంది అంది. నాన్న బాత్‌రూమ్‌లోంచే, సరిగ్గా కలపడం లేదు నువ్వు, ఇంకాసేపు దొర్లించు అన్నారు. అమ్మ ఇంకాసేపు దొర్లించింది.

సెలవులిచ్చాక నన్ను ఇంట్లో కాపలా కాయడం అమ్మ వల్ల కాలేదు. నాన్న నన్ను వెంటబెట్టుకుని లేబ్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టేవారు. బదర్‌పూర్ దాటేసరికి నా సీసా ఖాళీ. వడగాలి మొహాన కొడుతుంటే నాలుక అంగిలికి అంటుకుపోయేది. నాన్న తన సీసా కూడా ఇచ్చేవారు. నా మీద కోపం ఉందనుకోను. ఆయనకు బాధగా ఉండేది, నన్ను చూస్తే జాలి కూడా. నన్ను నమ్మకపోవడానికి అవేవీ అడ్డు రాలేదు.

లేబ్‌లో వరసగా పెట్టెల్లాంటి ఇంక్యుబేటర్లు ఉండేవి. ఒకదాంట్లో కొండ మీది చలి, పక్కదాంట్లో అంతకంటే కొంచెం వెచ్చన, ఆ పక్కన ఇంకొంచెం, చివరిది దాదాపు మన వేసవి. ప్రతి జాడీలో బురద మీద ఒక చిన్న గాజుగిన్నె, దాంట్లో క్షారం. బురద వదిలిన గాలిని ఆ క్షారం పట్టుకుంటుంది. తర్వాత ఆ క్షారంలో ఒక చుక్క రంగు వేస్తే రాణీ గులాబీ రంగు వస్తుంది. పై నుంచి యాసిడ్ బొట్టు బొట్టుగా వదులుతుంటే ఆ రంగు ఉన్నట్టుండి మాయమవుతుంది. ఎంత తక్కువ యాసిడ్‌కు రంగు పోతే, బురద అంత ఎక్కువ ఊపిరి వదిలినట్టు. చలి జాడీకి నాన్న చాలాసేపు కుళాయి తిప్పుతూ కూర్చోవాల్సి వచ్చేది. వేడి జాడీకి చెయ్యి పెట్టీ పెట్టగానే రంగు ఎగిరిపోయేది.

అన్నిటికంటే ఆయన్ను భయపెట్టింది అడుగు బురద. పై పొరలో ఉన్నది నిన్నమొన్నటి గడ్డి, అది త్వరగా కరుగుతుందని ఆయన ముందే అనుకున్నారు. అడుగుది ఎన్ని వేల ఏళ్ల నాటిదో ఏమో, అన్ని కాలాలు దాటి వచ్చింది, దాన్ని ఈ పురుగులు అంత తేలిగ్గా తాకవని ఆయన ఆశ. వేడి పెట్టెలో ఉంచాక అది కూడా లేచింది. ఆలస్యంగా లేచినా, లేచాక ఆగలేదు. ఆ రోజు రంగు పోయిన ఫ్లాస్కును ఆయన వెలుతురుకు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. మళ్లీ చలిలో పెడితే నిద్రపోతుందా అని నేను అడిగాను. పడుకుంటుంది, కానీ ఈలోపల పోయింది తిరిగి రాదు, అంత నేల మళ్లీ పేరుకోవాలంటే మనం ఎవ్వరం ఉండం అన్నారు. అంత గట్టి విషయం నాతో పెద్దవాళ్లతో చెప్పినట్టు చెప్పారు. అందుకే ధైర్యం చేశాను.

"నాన్నా, సచ్‌మే నేనేం తినలేదు," అన్నాను.

ఆయన ఫ్లాస్కు కింద పెట్టారు. "చూడమ్మడూ, మందు అదే. డోసు పెంచాం కూడానూ. మారడానికి ఇంకేం మిగిలిందో నువ్వే చెప్పు. తిండేగా?"

పద్నాలుగేళ్ల పిల్లకు ఆయన లెక్కలో తప్పెక్కడుందో ఎలా తెలుస్తుంది? మందు అదే అన్న మాటను మా ఇంట్లో ఎవరూ పరీక్షకు పెట్టలేదు. ఆ బురద చుట్టూ గాలి, నీరు, వేడి, అన్నీ కొలిచే మనిషి, నా విషయంలో మాత్రం ఒక్క నా నోటినే అనుమానించారు. నేను కుళాయి దగ్గరికి వెళ్లి దోసిలి పట్టి తాగాను. నీళ్లు వేడిగా, ఇనుము వాసనతో ఉన్నాయి. కడుపు ఉబ్బేదాకా తాగి అక్కడే సింకులో కక్కాను. ఎండదెబ్బ అనుకున్నారు నాన్న.

ఆ తర్వాతి రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. కాళ్లలో సత్తువ లేదు. కూలర్ ముందు చాప మీద పడుకునే ఉండేదాన్ని. ఊపిరి నాకు తెలియకుండానే పెద్దగా, లోతుగా, పరుగెత్తి వచ్చినట్టు ఆడేది. మధ్యాహ్నం అమ్మ నన్ను లేపి కూర్చోబెట్టి మజ్జిగ తాగించబోయింది. నా మొహం దగ్గరికి వంగి ఆగిపోయింది. మళ్లీ వంగి వాసన చూసింది.

"పండు వాసన," అంది అమ్మ. "నోరంతా మాగిన పండు వాసన. ఇప్పుడు చెప్పవే, తినలేదని చెప్పు."

నేను చెప్పలేకపోయాను, నాలుక తిరగలేదు. అమ్మ ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుంది. ఒక దెబ్బ కొట్టింది, వెంటనే నన్ను గుండెకు హత్తుకుని ఏడ్చింది. తాళం వేసినా ఆగలేదు, ఎవరిస్తున్నారే నీకు, నన్ను చంపి తినండర్రా అందరూ కలిసి అని ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నాకు ఒక్క క్షణం నిజంగానే తిన్నానేమో అనిపించింది. నిద్రలో లేచి తిన్నానేమో, నాకే తెలియకుండా. అందరూ ఒకే మాట అంటుంటే సొంత నాలుక మీద కూడా నమ్మకం పోతుంది. ఆ వేసవిలో నాకు జరిగినవాటన్నిటిలోకీ అదే చెడ్డది, జబ్బు కంటే కూడా.

నాన్న సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే నా మీదికి వంగి వాసన చూశారు. ఆయనకు ఆ వాసన తెలుసు. లేబ్‌లో గాజుసామాన్లు కడిగే ఎసిటోన్ వాసన అది. ఒంట్లో షుగర్ వాడకానికి రాక కొవ్వు కరిగిపోతుంటే ఊపిరిలో అదే వాసన వస్తుందని ఎక్కడో చదివి ఉన్నారు. నన్ను భుజాన వేసుకుని మెట్లు దిగడం గుర్తుంది. ఆటోలో నా తల ఆయన ఒళ్లో ఉంది. ఎందుకమ్మా తిన్నావు, ఎందుకు తిన్నావు అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు.

పెద్ద ప్రభుత్వాసుపత్రిలో నాకు తెలివి వచ్చేసరికి ఎన్ని రోజులైందో నాకు తెలియదు. చేతికి సూదులు, నోరు బెరడులా ఎండిపోయి ఉంది. పక్క మంచం మీద ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్కకీ తలపెట్టి పడుకున్నారు. అమ్మ టీ కోసం కిందికి వెళ్లింది. నా మంచం పక్కన నాన్న, ఒక కుర్ర డాక్టరు నిలబడి ఉన్నారు. ఇంట్లో వాడుతున్న మందు ఒకసారి తెచ్చి చూపించమని ఆ డాక్టరే అడిగాడట. సబ్బుపెట్టె నాన్న చేతిలో ఉంది. డాక్టరు సీసాను కిటికీ వెలుతురుకు పట్టుకుని తిప్పాడు. గాజు లోపల తెల్లటి పలుకులు అంటుకుని ఉన్నాయి.

"యే తో జమ్ చుకా హై, సర్. ఫ్రిజ్ మే కహాఁ రఖ్తే థే?"

ఇది గడ్డకట్టింది, ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టేవాళ్లు అని అడుగుతున్నాడు. నాన్న, "ఊపర్," అన్నారు. "ఐస్ బాక్స్ కే నీచే."

గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్‌ను నమ్మడానికి లేదని, ఎంత డోసు పెంచినా అలాంటి మందుతో పనికాదని డాక్టరు మామూలు గొంతుతో చెప్పి, ఇంకో మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. రాత్రుళ్లు ఎవరూ తలుపు తీయరు కాబట్టి సీసా గడ్డకట్టేది. పొద్దున అమ్మ పాలు కాచి, సిరంజి ఉడకబెట్టేలోగా గట్టు మీద కరిగిపోయేది. అందుకే మా ఇంట్లో గడ్డకట్టిన మందును ఎవరూ చూడలేదు. ఇదంతా నేను తర్వాత ఆలోచించుకున్నది. ఆ క్షణంలో నాకు తట్టింది ఒక్కటే, నేను తినలేదు. నేను నిజంగా తినలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. నాన్న తల తిప్పి చూసేసరికి నా కళ్లు తెరిచే ఉన్నాయి. నేను విన్నానని ఆయనకు తెలుసు. ఆయన జేబురుమాలుతో నా చెంపలు తుడిచి, దాహంగా ఉందా అని అడిగారు.

అమ్మ టీ తీసుకుని వచ్చింది. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. చెప్పలేదు. మందు పాతదట, కొత్తది రాశారు అని మాత్రం అన్నారు. ఆసుపత్రిలో అందరి మధ్యా ఎందుకని ఆగారేమో, ఇంటికెళ్లాక చెబుతారు అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్‌లో జాడీలు లేవు. మీట మధ్యకు వచ్చింది. తలుపు అరలో కొత్త సీసాలు, కొత్త డబ్బాలో. జాడీలన్నిటినీ నాన్న ఫరీదాబాద్ తీసుకుపోయి, కరెంటు నిలవని ఆ చల్లగదిలో పెట్టేశారు. అవన్నీ మేలుకుని పాడయ్యాయి. ఆ పని అక్కడితో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆయన ఆఫీసులో ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. ప్రయోగం అయిపోయిందని అమ్మతో అన్నారు. పీడ విరగడైంది, ఇప్పుడైనా నీళ్ల సీసాలు పెట్టుకోవచ్చని అమ్మ సంతోషించింది. కొండ ఎక్కి మోసుకొచ్చిన నేలనంతా నా కోసం వదులుకోగలిగిన మనిషి, అమ్మకు ఒక్క మాట చెప్పలేకపోయారు. ఆయన్ను నేను చాలా ప్రేమించాను. ఈ ఒక్క విషయంలో ఈ రోజుకీ క్షమించలేదు.

అలమారా తాళం నేను కాలేజీకి వెళ్లేదాకా అలాగే ఉంది. నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మ మాత్రం మామిడిపండ్లు రాగానే, మా అమ్మాయి చిన్నప్పుడు దొంగతనంగా తిని చావు దాకా పోయొచ్చింది అని ఇప్పటికీ వచ్చినవాళ్లకు చెబుతుంది. నేను ఆ మాటకు అడ్డం చెప్పడం మానేశాను. ఈ వయసులో ఆవిడకు నిజం చెబితే, పాలు కాచుకుంటూ ఆ సీసా కరిగిపోయేదాకా గట్టు మీద ఉంచింది తన చేతులేనని ఆవిడకు తెలిసిపోతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే పై అంతస్తు ఆంటీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూడ్డానికి వచ్చారు. నేను ముందుగదిలో దివాన్ మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాను. నాన్న ఎదురు కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నారు. అమ్మ టీ కప్పులు అందిస్తూ, తాళం వేసినా ఎలా తిందో, నోట్లో పండు వాసన తనకు ఎలా దొరికిపోయిందో, అంతా మొదటి నుంచి చెప్పింది. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, అమ్మానాన్నల ప్రాణాలు తోడేశావు కదమ్మా, నాలుకకు ఆ మాత్రం అదుపు లేకపోతే ఎలా అని మందలించింది. నేను ఆవిడ వైపు చూడలేదు. నాన్న వైపే చూశాను. పేపరు కిందికి దిగింది. ఆయన కూడా నా వైపే చూస్తున్నారు. నోరు తెరిచారు కూడా.

ఆంటీ ఆయన వైపు తిరిగి, "ఇక ముందైనా దొంగచాటుగా తినదు కదండీ?" అంది.

"తినదులెండి," అన్నారు నాన్న.